హెర్పిస్ వైరస్ ప్రోటీన్ల రాకపోకలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నేను ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఆటలమ్మను కలిగించే వారిసెల్లా జోస్టర్ వైరస్‌లోని ఐఈ62 అనే ప్రోటీన్ కణకేంద్రకంలో ఉంటుందని మా పాఠ్యపుస్తకం చెబుతోంది. అదే ప్రోటీన్ కణద్రవ్యంలో కనిపించిందనీ, వైరస్ రేణువు లోపల కూడా ఉంటుందనీ ఒక పరిశోధనా వ్యాసంలో చదివాను. ఈ రెండింటిలో దేన్ని నమ్మాలి? పరీక్షలో ఏది రాయాలి?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, రెండూ నిజమే. వైరస్ సోకిన తరువాత ఎన్ని గంటలకు చూశారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పుస్తకాలలో కణం బొమ్మ గీసి, ఒక్కొక్క ప్రోటీన్‌కు ఒక్కొక్క చోటు చూపించి వదిలేయడం వల్లనే మీకు ఈ చిక్కు వచ్చింది. హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్‌ల విషయంలో అలాంటి బొమ్మ విద్యార్థులను తప్పుదారి పట్టిస్తుందని నా గట్టి అభిప్రాయం. ఈ వైరస్‌లు ఒకే ప్రోటీన్ చేత రెండు మూడు పనులు చేయించుకుంటాయి. ఆ పనులు వేరువేరు చోట్ల జరుగుతాయి కనుక, ఏ వేళకు అది ఎక్కడ ఉండాలన్నది కూడా వాటి జన్యువులలోనే రాసి ఉంటుంది.

మొదట మూల విషయం చూద్దాం. కణంలో ప్రోటీన్లు దాదాపు అన్నీ కణద్రవ్యంలోని రైబోజోముల మీద తయారవుతాయి. హెర్పిస్ వైరస్ డీఎన్‌ఏకు నకళ్లు తీయడం, దాని నుంచి ఆర్‌ఎన్‌ఏను రాయడం, కొత్త కాప్సిడ్‌లను (వైరస్ డీఎన్‌ఏను ఇముడ్చుకునే ప్రోటీన్ గూళ్లను) కూర్చడం మాత్రం కేంద్రకంలో జరుగుతాయి. అంటే లోపల పని ఉన్న ప్రతి వైరస్ ప్రోటీనూ బయట పుట్టి, కేంద్రక రంధ్రం గుండా లోపలికి వెళ్లవలసిందే. సుమారు 40 కిలోడాల్టన్ల లోపు ఉండే చిన్న ప్రోటీన్లు ఎవరి సాయమూ లేకుండా మెల్లగా ఆ రంధ్రంలోంచి వ్యాపించగలవు. అంతకు మించిన వాటిని వెంట తీసుకువెళ్లే వాహక ప్రోటీన్లు ఉండాలి. లోపలికి తీసుకువెళ్లేవి ఇంపోర్టిన్లు, బయటకు తీసుకువచ్చేవి ఎక్స్‌పోర్టిన్లు.

ఏ ప్రోటీన్‌ను మోయాలో ఇంపోర్టిన్‌కు ఎలా తెలుస్తుంది? ఆ ప్రోటీన్ గొలుసులోనే ఒక చిన్న సంకేతం ఉంటుంది. 1984లో ఎస్‌వీ40 అనే మరొక వైరస్‌కు చెందిన టీ యాంటిజెన్‌లో ఈ సంకేతాన్ని గుర్తించారు. ప్రోలిన్, లైసిన్, లైసిన్, లైసిన్, ఆర్జినిన్, లైసిన్, వాలిన్ అని వరుసగా ఏడు అమైనో ఆమ్లాలు, అంతే. వాటిలో ఒకానొక లైసిన్‌ను మార్చగానే అంత పెద్ద ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లలేక కణద్రవ్యంలోనే ఉండిపోయింది. బయటకు తెచ్చే సంకేతం మరో రకంగా ఉంటుంది. అందులో లూసిన్ వంటి నీటికి పొత్తు లేని అమైనో ఆమ్లాలు నిర్ణీతమైన ఎడంతో వస్తాయి. సీఆర్‌ఎం1 అనే ఎక్స్‌పోర్టిన్ వాటిని గుర్తిస్తుంది.

ఈ రవాణాకు దిశ ఎలా వస్తుందన్నది విద్యార్థులు సాధారణంగా దాటవేసే భాగం. రాన్ అనే చిన్న ప్రోటీన్ కేంద్రకంలో ఎక్కువగా జీటీపీ అనే చిన్న అణువును పట్టుకుని ఉంటుంది, కణద్రవ్యంలో అది విరిగితే వచ్చే జీడీపీని పట్టుకుని ఉంటుంది. రాన్‌కు జీటీపీని అందించే ఎంజైము క్రొమాటిన్‌ను (డీఎన్‌ఏ, దాన్ని చుట్టిపెట్టే ప్రోటీన్ల కలయికను) అంటిపెట్టుకుని లోపల ఉండటం, ఆ జీటీపీని విరిచే ఎంజైము బయట ఉండటం ఇందుకు కారణం. ఇంపోర్టిన్ సరుకుతో లోపలికి రాగానే రాన్-జీటీపీ దానికి అతుక్కుని సరుకును విడిపిస్తుంది. ఎక్స్‌పోర్టిన్ విషయంలో ఇది తిరగబడుతుంది: రాన్-జీటీపీ తోడుంటేనే అది సరుకును పట్టుకుంటుంది, బయటకు వచ్చి జీటీపీ విరిగిన తరువాతనే వదులుతుంది.

ఇప్పుడు మీ ఐఈ62 దగ్గరకు వద్దాం. ఇది 1310 అమైనో ఆమ్లాల పెద్ద ప్రోటీన్. దానంతట అది రంధ్రం దాటే అవకాశం లేదు. వైరస్ కణంలోకి వచ్చిన తొలి గంటలలో ఇంపోర్టిన్లు దీన్ని కేంద్రకంలోకి చేరుస్తాయి. అక్కడ ఇది వైరస్ జన్యువులను మేల్కొలిపే ముఖ్య ప్రోటీన్‌గా పనిచేస్తుంది. మీ పాఠ్యపుస్తకం చెప్పేది ఈ దశ గురించే. ఆ తరువాత వైరస్‌లోని 66వ జన్యువు తయారుచేసే కైనేజ్, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్‌ను తగిలించే ఎంజైము, రంగంలోకి వస్తుంది. అది ఐఈ62లో 686వ స్థానంలో ఉన్న సెరీన్‌కు ఒక ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. ఆ సెరీన్ కేంద్రక సంకేతానికి పక్కనే ఉంది. ఫాస్ఫేట్ చేరాక ఇంపోర్టిన్లు ఆ సంకేతాన్ని పట్టుకోలేవు. దాంతో కొత్తగా తయారైన ఐఈ62 లోపలికి వెళ్లకుండా కణద్రవ్యంలో పోగుపడుతుంది. వైరస్ రేణువుకు ఆఖరి పొర అమరేది కణద్రవ్యంలోనే కనుక, అక్కడ పోగుపడిన ఐఈ62 కాప్సిడ్‌కూ పై పొరకూ నడుమ ఉండే టెగ్యుమెంట్ అనే భాగంలోకి చేరుతుంది. 66వ జన్యువు కైనేజ్‌ను తీసివేసి చూస్తే ఐఈ62 చివరిదాకా కేంద్రకంలోనే ఉండిపోయింది. ఆ రేణువులలో అది కనిపించలేదు కూడా. రేణువులో చేరిన ఐఈ62 తరువాతి కణంలోకి తయారుగా వెళుతుంది కాబట్టి, అక్కడ వైరస్ జన్యువులు మేల్కొనడానికి కొత్త ప్రోటీన్ తయారయ్యేదాకా ఆగవలసిన పని ఉండదు.

పరీక్షలో “తొలి దశలో కేంద్రకంలోనూ, 66వ జన్యువు కైనేజ్ ఫాస్ఫేట్ చేర్చిన తరువాతి దశలో కణద్రవ్యంలోనూ” అని కారణంతో సహా రాయండి. ఒక్క ముక్కలో జవాబు కోరే ప్రశ్న అయితే, అక్కడ అడుగుతున్నది ఐఈ62 చేసే పని గురించే కనుక, కేంద్రకం అని రాయవచ్చు.

ప్రశ్న: పెదవుల మీద పొక్కులు లేపే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లోని ఐసీపీ27 ప్రోటీన్ కేంద్రకానికీ కణద్రవ్యానికీ మధ్య తిరుగుతూ ఉంటుందని అంటారు. సూక్ష్మదర్శినిలో చూస్తే అది దాదాపు అంతా కేంద్రకంలోనే కనిపిస్తుంది. బయటకు వెళ్లి వస్తోందని ఎలా రుజువు చేశారు?
– ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, విజయనగరం

సమాధానం: మీ సందేహం న్యాయమైనది. ఒక ప్రోటీన్ బయటకు వెళ్లి వెంటనే తిరిగి వస్తుంటే, ఏ క్షణాన ఫొటో తీసినా అది కేంద్రకంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఫొటో ఒక క్షణంలో ఉన్న పంపకాన్ని చూపుతుంది కానీ కదలికను చూపదు. అందుకే 1990ల చివరలో ఐసీపీ27పై పనిచేసినవారు రెండు జాతుల కణాలను కలిపే ప్రయోగాన్ని ఆశ్రయించారు. ఇది అందమైన ప్రయోగం. మీ విద్యార్థులకు దీన్ని వివరంగా చెప్పమని కోరుతున్నాను.

వైరస్ సోకిన మనిషి కణాలను ఒక పళ్లెంలో పెంచి, వాటి మీద వైరస్ సోకని ఎలుక కణాలను పరుస్తారు. సైక్లోహెక్సిమైడ్ అనే మందు కలిపి కొత్త ప్రోటీన్ తయారీని ఆపివేస్తారు. తరువాత పాలీఇథిలీన్ గ్లైకాల్‌ను కొద్దిసేపు తగిలిస్తే, పక్కపక్కనే ఉన్న కణాల పొరలు కలిసిపోయి, ఒకే కణద్రవ్యంలో మనిషి కేంద్రకమూ ఎలుక కేంద్రకమూ ఉన్న జంట కణాలు ఏర్పడతాయి. కొంతసేపు ఉంచి, కణాలను స్థిరపరచి, ఐసీపీ27ను పట్టే యాంటీబాడీతో ఒక రంగూ, డీఎన్‌ఏకు పట్టే హెక్స్ట్ రంజకంతో నీలి రంగూ అద్దుతారు. ఎలుక కేంద్రకంలో క్రోమోజోముల నడిమి భాగపు డీఎన్‌ఏ హెక్స్ట్ రంజకాన్ని బాగా పీల్చుకుంటుంది. కాబట్టి ఎలుక కేంద్రకం నీలి రంగులో మెరిసే చుక్కలతోనూ, మనిషి కేంద్రకం ఇంచుమించు ఒకే తీరుగా నునుపుగానూ కనిపిస్తాయి. రెండింటినీ కంటితోనే పోల్చుకోవచ్చు. చుక్కలున్న కేంద్రకంలో ఐసీపీ27 కనిపించింది. కొత్త ప్రోటీన్ తయారీ ఆగిపోయి ఉంది కనుక, అది మనిషి కేంద్రకంలోంచి బయటకు వచ్చి, ఉమ్మడి కణద్రవ్యాన్ని దాటి, ఎలుక కేంద్రకంలోకి వెళ్లి ఉండాలి.

కణాలను కలిపేటప్పుడు కేంద్రకం చిరిగి లోపలిది కారిపోయిందేమోనన్న అనుమానం ఇక్కడ తప్పక రావాలి. దాన్ని తీర్చడానికి, ఎప్పుడూ కేంద్రకాన్ని వదలని హెచ్ఎన్ఆర్ఎన్‌పీ సీ అనే కణ ప్రోటీన్‌ను కూడా అదే కణాలలో చూస్తారు. అది మనిషి కేంద్రకంలోనే ఉండి, ఐసీపీ27 మాత్రమే రెండింటిలోనూ ఉంటే, కారిపోయిందన్న అనుమానానికి తావు లేదు. ఈ పోలిక లేకుండా చూపిన జంట కణం ఫొటోను నేనైతే రుజువుగా ఒప్పుకోను.

ఇక ఐసీపీ27 ఎందుకు తిరుగుతుంది? మన కణంలో ఆర్‌ఎన్‌ఏ ఎగుమతి చాలావరకు ఇంట్రాన్లను (ప్రోటీన్ తయారీకి అక్కరలేని నడిమి ముక్కలను) కత్తిరించి మిగతాదాన్ని అతికే పనితో ముడిపడి ఉంటుంది. కత్తిరింపు జరిగినచోట చేరే ప్రోటీన్లు, ఈ ఆర్‌ఎన్‌ఏ బయటకు వెళ్లడానికి సిద్ధమని చెప్పే గుర్తుల వంటివి. హెర్పిస్ సింప్లెక్స్ జన్యువులలో ఎక్కువ భాగానికి ఇంట్రాన్లే లేవు. ఆ లోటును ఐసీపీ27 తీరుస్తుంది. 512 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ వైరస్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని, మన కణానికి చెందిన అలై అనే ప్రోటీన్‌నూ, ఎగుమతి వాహకమైన టాప్‌నూ దాని దగ్గరకు చేరుస్తుంది. టాప్ తోడుతో ఆర్‌ఎన్‌ఏ రంధ్రం దాటుతుంది. ఐసీపీ27 తన కేంద్రక సంకేతంతో మళ్లీ లోపలికి వెళుతుంది. వైరస్ సోకిన తొలి గంటలలో ఐసీపీ27 మన కణపు కత్తిరింపు యంత్రాంగాన్ని అడ్డగిస్తూ కేంద్రకంలోనే ఉంటుంది, ఈ ఎగుమతి పని తరువాత మొదలవుతుంది. ఈ ప్రోటీన్‌కు దీటైనవి ఇతర హెర్పిస్ వైరస్‌లలోనూ ఉన్నాయి: సైటోమెగలో వైరస్‌లో యూఎల్69, ఎప్‌స్టీన్ బార్ వైరస్‌లో ఈబీ2, కపోసీ సార్కోమా వైరస్‌లో ఓఆర్‌ఎఫ్57.

ప్రశ్న: కేంద్రక రంధ్రం మన బొబ్బిలి కోట గుమ్మం లాంటిదనీ, అనుమతి ఉన్నవారినే లోపలికి వదులుతుందనీ పిల్లలకు చెబుతున్నాను. హెర్పిస్ వైరస్ కాప్సిడ్ ఆ రంధ్రం కంటే పెద్దదని ఈమధ్య చదివాను. అలాంటప్పుడు అది లోపలికి ఎలా వెళుతుంది, కొత్తవి బయటకు ఎలా వస్తాయి?
– ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

సమాధానం: గుమ్మం పోలిక తొలి పరిచయానికి పనికివస్తుంది కానీ, తెరుచుకుని మూసుకునే తలుపు ఏదో ఉందని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. కేంద్రక రంధ్రంలో తలుపు లేదు. సుమారు 30 రకాల ప్రోటీన్లు ఎనిమిదేసి వరుసలుగా చేరి ఆ రంధ్రాన్ని కడతాయి. వాటిలో కొన్నింటికి నిర్దిష్ట ఆకారం లేని పొడవైన పోగులు ఉండి, నడిమి దారి నిండా అల్లుకుని ఉంటాయి. ఇంపోర్టిన్లకు ఆ పోగులతో క్షణకాలం అతుక్కుని విడిపోయే గుణం ఉంది కనుక వాటి గుండా సాగిపోతాయి. ఆ గుణం లేని పెద్ద ప్రోటీన్ నిలిచిపోతుంది.

ఆ దారి వెడల్పు సుమారు 40 నుంచి 60 నానోమీటర్లు. హెర్పిస్ కాప్సిడ్ వ్యాసం సుమారు 125 నానోమీటర్లు. కాబట్టి కాప్సిడ్ లోపలికి వెళ్లదు. కణపు సూక్ష్మనాళికల వెంట డైనీన్ అనే ప్రోటీన్ దాన్ని కేంద్రకం దాకా చేరుస్తుంది. అక్కడ అది ఇంపోర్టిన్ బీటా సాయంతో రంధ్రం వెలుపలి అంచును పట్టుకుని, తనకున్న ఒకే ఒక్క ద్వారం గుండా డీఎన్‌ఏను లోపలికి వదులుతుంది. హెర్పిస్ సింప్లెక్స్ డీఎన్‌ఏలో సుమారు 1,52,000 జతల క్షారాలు ఉన్నాయి. చాచితే 50 మైక్రోమీటర్ల పొడవు. అంత పొడవును అంత చిన్న గూటిలో కుక్కినందువల్ల లోపల పదుల అట్మాస్ఫియర్ల పీడనం ఉంటుంది, ఆ పీడనమే డీఎన్‌ఏను బయటకు తోస్తుంది. ఖాళీ కాప్సిడ్ బయటే మిగిలిపోతుంది.

కొత్త కాప్సిడ్ తయారీకి దాని ముక్కలు ఒక్కొక్కటిగా లోపలికి రావాలి. ముఖ్య ముక్క అయిన వీపీ5 ఒక్కో కాప్సిడ్‌లో 955 ప్రతులుగా ఉంటుంది. అయినా దానికి సొంత కేంద్రక సంకేతం లేదు. వీపీ5ను ఒంటరిగా తయారుచేయిస్తే అది కణద్రవ్యంలోనే పడి ఉంటుంది. కాప్సిడ్ కట్టేటప్పుడు లోపల తాత్కాలిక ఆధారంగా నిలిచే ప్రోటీన్‌తోనో, వీపీ19సీతోనో జతకడితేనే వాటి సంకేతం ఆసరాతో లోపలికి చేరుతుంది. పక్క ముక్క లేనిదే కేంద్రకంలోకి రాలేకపోవడం వల్ల, పొత్తు కుదరని వీపీ5 ఒంటరిగా లోపల పోగుపడే అవకాశమూ తగ్గుతుందని నాకనిపిస్తుంది.

పూర్తయిన కాప్సిడ్ బయటకు వచ్చేటప్పుడు రంధ్రాన్ని పూర్తిగా వదిలేస్తుంది. యూఎల్34 అనే ప్రోటీన్ కేంద్రకపు లోపలి పొరలో నాటుకుని ఉంటుంది, యూఎల్31 తన సంకేతంతో కేంద్రకంలోకి వచ్చి దానితో జతకడుతుంది. ఆ లోపలి పొరకు ఆసరాగా, కాప్సిడ్‌కు అడ్డంగా ఉన్న లామిన్ అనే ప్రోటీన్ల వలను కైనేజ్‌లు ఫాస్ఫేట్ చేర్చి సడలిస్తాయి. ఈ జంట ప్రోటీన్లు ఆరు మూలల అల్లికగా పొర మీద పరుచుకుని, కాప్సిడ్ చుట్టూ లోపలి పొరను వంచి మొగ్గలా తెంచుతాయి. రెండు పొరల నడుమ ఖాళీలోకి వచ్చిన ఆ మొగ్గ బయటి పొరతో కలిసిపోయి, ఒట్టి కాప్సిడ్‌ను కణద్రవ్యంలోకి విడుస్తుంది. ఇంతకుముందు చెప్పిన ఐఈ62 వంటి టెగ్యుమెంట్ ప్రోటీన్లూ, ఆఖరి పొరా దానికి అక్కడ అమరుతాయి.

ప్రశ్న: మశూచి వైరస్ కూడా డీఎన్‌ఏ వైరస్సే కదా, దానికి ఈ కేంద్రకం అవసరం లేదా?
– ఒక పాఠకుడు, రాజాం

సమాధానం: లేదు. మశూచి వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను రాసే ఎంజైమును రేణువులోనే వెంట తెచ్చుకుని, డీఎన్‌ఏ నకళ్లు తీసే సామగ్రిని కూడా తానే తయారుచేసుకుని, కణద్రవ్యంలోనే పెరుగుతుంది. హెర్పిస్ వైరస్‌లు ఆర్‌ఎన్‌ఏను రాయడానికి మన కణపు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 మీద ఆధారపడతాయి, అది కేంద్రకంలో ఉంటుంది. ఆటలమ్మ, మశూచి రెండింటిలోనూ పొక్కులు లేచినా అవి సంబంధం లేని రెండు వేరు కుటుంబాలు. మశూచి భూమి మీద లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. ఆటలమ్మ వైరస్ మాత్రం ఒకసారి వచ్చినవారి నాడీకణాలలో జీవితాంతం దాగి ఉంటుంది.

ప్రశ్న: నేను ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ రోగులను చూసే నర్సును. మా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయనకు నడుముకు ఒకవైపున సర్పి లేచింది. డాక్టరుగారు ఎసైక్లోవిర్ ఇచ్చారు, కానీ మామూలు మోతాదు కంటే బాగా తగ్గించారు. ఈ మందు వైరస్ ప్రోటీన్లు కేంద్రకంలోకి వెళ్లకుండా ఆపుతుందా? మోతాదు తగ్గిస్తే పనిచేస్తుందా?
– ఒక నర్సు, కవిటి

సమాధానం: సర్పి అంటే, నాడీకణాలలో దాగి ఉన్న ఆటలమ్మ వైరస్ మళ్లీ లేచి కలిగించే పొక్కులే. ఎసైక్లోవిర్ ఆ వైరస్ ప్రోటీన్ల రాకపోకలను ఆపదు. ఇది వైరస్ సోకిన కణంలో వైరస్ సొంత ఎంజైమైన థైమిడిన్ కైనేజ్ చేత తొలి ఫాస్ఫేట్‌ను తగిలించుకుంటుంది, మిగిలిన రెండింటిని మన కణపు ఎంజైములు తగిలిస్తాయి. అలా తయారైన రూపాన్ని కేంద్రకంలోని వైరస్ డీఎన్‌ఏ పాలిమరేజ్ అసలు ముక్క అనుకుని గొలుసులో కలుపుతుంది, ఆ పైన ఇంకొక ముక్క అతికే చోటు లేక గొలుసు అక్కడితో ఆగిపోతుంది. వైరస్ సోకని కణాలలో ఆ తొలి ఫాస్ఫేట్ దాదాపు పడదు కనుక వాటికి హాని తక్కువ. ఈ మందు వెనుక ఉన్న పరిశోధనకు నాయకత్వం వహించిన గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

రాకపోకలనే ఆపవచ్చు కదా అని మీకు తోచవచ్చు. లెప్టోమైసిన్ బీ అనే పదార్థం సీఆర్‌ఎం1ను కట్టిపడేస్తుంది. ప్రయోగశాలలో దీన్ని విరివిగా వాడతారు. కానీ మన కణాల ప్రోటీన్లు కూడా అదే వాహకాన్ని వాడుకుంటాయి కనుక, మనుషులలో చేసిన తొలి పరీక్షలలోనే అది తట్టుకోలేనంత ఇబ్బంది పెట్టింది. అదే వాహకాన్ని అడ్డుకునే సెలినెక్సార్‌కు 2019లో అమెరికాలో అనుమతి లభించింది, అది కూడా క్యాన్సర్‌కే. వైరస్ సొంత ప్రోటీన్‌ను గురిచూసిన మందు ఒకటి ఈ దారికి దగ్గరగా వస్తుంది: సైటోమెగలో వైరస్ కైనేజ్ యూఎల్97ను అడ్డుకునే మారిబావిర్. ఆ కైనేజ్ చేసే పనులలో, నేను పైన చెప్పిన లామిన్ వలను సడలించడం ఒకటి. అది ఆగితే కొత్త కాప్సిడ్‌లు కేంద్రకం నుంచి బయటపడటం కష్టమవుతుంది. కిడ్నీ వంటి అవయవాలు మార్పిడి చేయించుకుని, ఇతర మందులకు లొంగని సైటోమెగలో వైరస్ సోకినవారికి దీన్ని 2021లో అమెరికాలో అనుమతించారు. సర్పికి ఇది మందు కాదు.

ఇక మోతాదు సంగతి మీకు అన్నింటికంటే ముఖ్యం. ఎసైక్లోవిర్ చాలావరకు మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. మూత్రపిండాలు బాగున్నవారికి సర్పిలో 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు ఇస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో ఆ మోతాదు ఒంట్లో పోగుపడుతుంది కాబట్టి రోజుకు రెండుసార్లకు తగ్గిస్తారు. పోయే వేగం తగ్గింది కనుక, ఆ తక్కువ మోతాదుతోనే వారి రక్తంలో వైరస్‌పై పనిచేయడానికి చాలినంత మందు ఉంటుంది. మీ డాక్టరుగారు చేసినది సరైన పని. డయాలసిస్‌లో కొంత మందు రక్తంలోంచి పోతుంది కనుక, ఆ రోజు మోతాదును డయాలసిస్ అయిన తరువాత ఇచ్చేలా డాక్టరుగారిని అడిగి వేళ సరిచూసుకోండి.

ఆ పెద్దాయన ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, చేతులు వణికినా, అతిగా మగతగా ఉన్నా, వయసు వల్లనో జ్వరం వల్లనో అనుకుని ఊరుకోవద్దు. మందు పోగుపడినప్పుడు ఈ లక్షణాలు వస్తాయి. వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో మిగిలిన మాత్రలను వారి బంధువులు పూర్తి మోతాదులో వేయకుండా చూడండి. మీ ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఉన్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి, సర్పి అని ఎవరు వచ్చినా పొక్కులు లేచిన 72 గంటలలోపే డాక్టరును కలవమనీ, మూత్రపిండాల పనితీరును చూపే తమ క్రియాటినిన్ రిపోర్టు వెంట తెచ్చుకోమనీ చెప్పండి. నుదుటి మీదనో, ముక్కు కొన మీదనో, కంటి చుట్టూనో పొక్కులు కనిపిస్తే అదే రోజు కంటి వైద్యుని దగ్గరకు పంపండి.